పదకొండేళ్ళు ఏరిన లచ్చా

కోడలి మెడలో కట్టాల్సిన లచ్చాను నేను తాకకూడదని ఫరహా ఆపా పెళ్ళిరోజు పొద్దున్నే తేల్చేసింది. ఆమె నా భర్త అహ్మద్ పాషాకు అక్క. మా ఇళ్ళల్లో నిఖా అయ్యాక మగపెళ్ళివారు పెళ్ళికూతురి మెడలో నల్లపూసల లచ్చా కడతారు. దాన్ని గుచ్చేదీ కట్టేదీ మొగుడు బతికున్న ఆడదే అయ్యుండాలంటారు. పాషా పోయి పదకొండేళ్ళు.

ఆ పదకొండేళ్ళూ నేను గాజుల మూటతో పాల్వంచ నుంచి సంతలు తిరిగాను. చర్ల, కుంట, చింతూరు, ఇటు పెనుబల్లి దాకా. పోయినప్పుడల్లా ఒక్క నల్లపూస తెచ్చేదాన్ని. కొన్ని కొన్నవి, కొన్ని ఎవరిదో పాత దండ తెగితే గాజులిచ్చి తీసుకున్నవి. ఏ రెండూ ఒక్క నలుపు కావు. ఒకటి వెలుతురుకు పెడితే నీలం. ఇంకొకటి కాలిన చింతగింజ రంగు. ఒకదానికి బెజ్జం పక్కకు పోయింది, దారం ఎక్కించడానికి పూటంతా పట్టింది. నా కొడుకు ఖాలిద్ పెళ్ళాం కోసమని వాటిని రెండు పేటలుగా గుచ్చాను. అలాంటిది ఇంకొకటి గుచ్చమంటే నావల్ల కూడా కాదు.

ఆపా ఆ లచ్చా పెట్టిన డబ్బీలోకి తొంగి చూసింది. వేలు పెట్టలేదు.

"సంతలల్ల ఏరిన పూసలా? ఎవలెవలి మెడలకెల్లి ఊడిపడ్డయో. గిది కడితే మా పాషా లెక్కనే వీడూ పోతడు."

ఖాలిద్ అక్కడే షేర్వాణీ గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను వాడి వైపు చూశాను. వాడు గుండీల మీద నుంచి కళ్ళు ఎత్తకుండా, మేనత్త వైపే మొగ్గి, ఫుప్పు చెప్పినట్టు చెయ్యి, ఈ ఒక్కరోజు గొడవ వద్దు అన్నాడు. లచ్చా ఆమె ఖమ్మంలో పెద్ద దుకాణంలో కొన్నదట. ఆమే కడుతుందట. నేను వెనక కూర్చుంటే చాలునట.

డబ్బీ సంచిలో వేసుకుని కల్లూరు పోయే పెళ్ళిబస్సు ఎక్కాను. దారంతా ఆపా ఆడవాళ్ళకు నా చేతి గురించే చెప్పింది, నాకు వినపడేటట్టు. నేను పిండి కలిపితే రొట్టె పొంగదట. నేను దువా చేస్తే అల్లా కూడా పేరు అడిగి పక్కన పెడతాడట. వాళ్ళు నవ్వారు.

నిఖా అయింది. ఆడవాళ్ళ గదిలో పెళ్ళికూతురు సుమయ్య తల వంచుకుని కూర్చుంది. పక్కన వాళ్ళమ్మ ఫజిలత్. ఆపా తెచ్చిన లచ్చాను పళ్ళెంలో పెట్టి అందరికీ చూపిస్తూ వచ్చారు. మర్యాదకు నా ముందు కూడా ఆపారు.

హుక్కు దగ్గర, ముడి కింద, ఒక చిన్న పూస ఉంది. ఆకుపచ్చ తిరిగిన నలుపు. నేను చర్ల నుంచి తెచ్చిందే. ఆ దుకాణం వాళ్ళు పూసలు బస్సులో పంపిస్తే గుచ్చి తిరిగి పంపేది నేనే, ఏడేళ్ళుగా. అన్నీ ఒక్కలాగే గుచ్చాలంటే నాకు చెయ్యి ఆడదు. అందుకని ప్రతి లచ్చాకూ హుక్కు కింద నేను ఏరిన పూస ఒకటి వేస్తాను, ఒకదానికి వేసింది ఇంకోదానికి వెయ్యను.

మొగుడు పోయినదాని చేత గుచ్చిస్తున్నారని బయటికొస్తే ఆ పని పోతుంది. నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఇంతలో ఆపా పళ్ళెం లాక్కుంటూ, చూసింది చాలు, దిష్టి తగులుతుంది అంది.

"ఎప్పుడో తగిలింది ఆపా. గిది గుచ్చింది నేనే," అన్నాను.

హుక్కు తిప్పి పూస చూపించాను. ఆ దుకాణంలో కొన్న ఆపా కూతురి లచ్చా కూడా నా చేతిదేనని చెప్పాను. ఆ పిల్ల అక్కడే ఉంది. తన మెడ వెనక తడుముకుంది. ఆపా ఆమె చెయ్యి పట్టి కిందికి లాగింది.

"కావాలనే చేసినవ్. ముండమోపి చేతులు ఊరందరి మెడలకు చుట్టినవ్."

"చుట్టిన. నీ అల్లుడు సచ్చిండా మరి? నిన్న మా ఇంట్ల రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నడు."

ఎవరూ నవ్వలేదు. ఫజిలత్ లేచి నిలబడింది.

"మీ పంచాయితీ ఇంటికాడ పెట్టుకోండ్రి. నా బిడ్డ మెడ ఖాళీగున్నది. మొగుడున్నామె గుచ్చింది ఒక్కటన్నా ఉన్నదా మీ తాన?"

"లేదు. రెండూ నావే," అని సంచిలోంచి డబ్బీ తీశాను. "అది కూలికి గుచ్చిన. ఇది కోడలికి గుచ్చిన."

ఫజిలత్ రెండింటినీ చూసింది. ఆపాను చూసింది.

"అయితే కోడలికి గుచ్చిందే కట్టు," అంది ఫజిలత్. ఆ గొంతులో నా మీద ప్రేమేం లేదు.

నేను సుమయ్య వెనక్కి వెళ్ళాను. పూసల చల్లదనమో, భయమో, నా చేతులు తగలగానే ఆ పిల్ల మెడ ముందుకు లాక్కుంది. నేను ఆగలేదు. హుక్కు పెట్టాను.

ఆపా కూతుర్నీ అల్లుడినీ తీసుకుని అన్నం తినకుండా వెళ్ళిపోయింది. పెళ్ళి చెడగొట్టానని అప్పటికే ఖాలిద్‌కు చెప్పి ఉంటుంది. వాడు చెయ్యి కడుక్కునే చోట నన్ను ఆపాడు.

"ఇప్పుడు నిండిందా అమ్మీ, నీ కడుపు?"

"అవ్," అన్నాను.