ఫోటో మాస్టారి లేత్ క్లాసు

ఇరవై రెండేళ్లు కర్మాగారాల్లో యంత్రాలకు ఫోటోలు తీసిన తోలెగెన్, సెల్‌ఫోన్లొచ్చి ఆ పని పోయాక, కరగందా దగ్గరి ఒక గనుల ఊళ్లో వృత్తి విద్యా కళాశాలలో ఇనుమును తిప్పి చెక్కే లేత్ యంత్రం నేర్పే మాస్టారయ్యాడు. లేత్ నడపడం వచ్చా అని ఎవరూ అడగలేదు. అతను తీసిన ప్రతి ఫోటోలోనూ లేత్ ఉంది, అదే చాలనుకున్నారు.

మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం. అతను తనకు తెలిసిందే నేర్పాడు: యంత్రాన్ని తళతళలాడేలా తుడవడం, గడ్డం కాస్త పైకెత్తడం, ఊపిరి బిగబట్టడం. స్విచ్ జోలికి మాత్రం పోనివ్వలేదు. యంత్రం తిరిగితే ఫోటో చెదిరిపోతుంది కదా.

"అగాయ్, ఇవాళైనా ఆన్ చేద్దామా?" అని రౌషన్ రోజూ మాస్టారిని అడిగేది. గని మెకానిక్ కూతురు, స్పానర్లతో ఆడుకుని పెరిగింది.

"ముందు నిలబడ్డం రానీ తల్లీ. నీ మోచేతిలో ఇంకా నమ్మకం కనిపించట్లేదు."

గడువు చివరి రోజు తనిఖీకి కాబ్దేష్ వచ్చాడు. పాతకాలపు లేత్ పనివాడు. తోలెగెన్ ఉద్యోగం ఆయన సంతకంలోనే ఉంది. పిల్లలంతా ఆగిపోయిన యంత్రాల ముందు బొమ్మల్లా నిలబడ్డారు.

"ఏమయ్యా, వీళ్లు బతికే ఉన్నారా?"

"ఊపిరి బిగబట్టారండీ."

"దేనికి?"

కాబ్దేష్ విసుగ్గా కోటు విప్పి, "జరగండి, నేను చూపిస్తా" అంటూ ఇనుపకడ్డీని, దాన్ని పట్టి తిప్పే చక్‌లో పెట్టి కీతో బిగించాడు. కీ అందులోనే వదిలేసి స్విచ్ మీద చెయ్యేశాడు.

"కదలొద్దు!" అని అరిచాడు తోలెగెన్.

పిల్లలతో పాటు కాబ్దేష్ కూడా బిగుసుకుపోయాడు. తోలెగెన్ వెళ్లి కీ లాగేశాడు. "ఇది ఫ్రేములో ఉండకూడదండీ."

కాబ్దేష్ ముఖం పాలిపోయింది. నుదురు తడుముకున్నాడు. "దీనికే మా గురువు నన్ను చెప్పుచ్చుకుని కొట్టాడయ్యా" అంటూ సంతకం పెట్టాడు. పైన 'భద్రతా బోధన అమోఘం' అని రాశాడు.

ఆయన వెళ్లాక తోలెగెన్ రౌషన్‌ని మెల్లగా అడిగాడు. "కీ ఉంటే ఏమయ్యేదే?"

"ఎగిరొచ్చి ఆయన తల పగలగొట్టేది. తెలీకపోతే మరెందుకు తీశారు?"

"నీడ పడుతోంది."

రౌషన్ నవ్వాపుకోలేకపోయింది. తోలెగెన్ మాత్రం వెళ్లి పిల్లల బెంచీ చివర కూర్చున్నాడు. "రేపట్నుంచి స్విచ్ సంగతి నువ్వు చెప్పు. నేను నేర్చుకుంటా."

"అయితే ముందు ఆ టై తియ్యండి, అగాయ్. మిషన్‌కి చుట్టుకుంటుంది."

తోలెగెన్ టై విప్పాడు. అలవాటుగా గడ్డం పైకెత్తబోయి, మానేశాడు.