సంచిలో ఫ్యూజు, తీగలో కరెంటు

నేను ఒక ఫ్యూజుని. ప్యూనుని కాను. ఆయన కూర్చునేది ఆఫీసు గుమ్మం దగ్గర, నేను కూర్చునేది ట్రాన్స్‌ఫార్మర్ కింది పెట్టెలో. ఒళ్లు పింగాణీ, పేగు సన్నటి తీగ. బట్టీలో కాలినవాణ్ని కదా, దేనికీ జంకనని అనుకునేరు. నా ఉద్యోగమే భయపడటం. కరెంటు హద్దు మీరితే అందరికన్నా ముందు గుండె కరిగిపోవలసింది నాకే. పోయేది నేను, "పాడు ఫ్యూజు!" అని తిట్లు తినేదీ నేనే.

మేం ముగ్గురు అన్నదమ్ములం, ఫేజుకొకరం. మమ్మల్ని బిగించిన పెద్దాయన రిటైరవుతూ లైన్‌మన్ శిఖామణికి ఒక అలవాటు అప్పగించాడు. స్తంభం ఎక్కేముందు ఫ్యూజులు పీకి, సంచిలో వేసుకుని, దాన్ని భుజాన తగిలించుకునే ఎక్కాలి. అప్పుడు ఎవరూ తొందరపడి మళ్లీ పెట్టలేరు. శిఖామణి భార్య ఎస్తేరు ఫోన్ చేస్తే "తిన్నావా" అని అడగదు. "సంచి నీకాడే ఉందా?" అంటుంది.

తర్వాత కాలనీ మేడల మీద సోలార్ పలకలు మొలిచాయి. ఇదివరకు కరెంటు నా మీదుగా ఇళ్లకు పోయేది. ఇప్పుడు ఎండెక్కితే ఇళ్ల మీంచి నాకే ఎదురొస్తోంది. ఎక్కడన్నా తీగలు రాసుకుంటే ఆ మంటకు సగం మేత మేడలే పెడతాయి. నాకు వేడి సరిగా తగలదు, కరగడం ఆలస్యమవుతుంది. నాకు దిగులు అలా మొదలైంది.

లైన్లో కరెంటు పోతే పలకల కరెంటును తీగలోకి పంపే సోలార్ పెట్టెలు తమంతట తామే ఆగిపోవాలి. అది వాటికి నేర్పిన మర్యాద. కానీ మిట్టమధ్యాహ్నం ఊరికే ఆగుతున్నాయని విసుక్కుని, కాలనీవాళ్లంతా ఒకే మెకానిక్‌ను పిలిచి ఆ మర్యాద మాన్పించారు. "ఇంక ఆగవండీ" అన్నాడతను. అన్నంత పనీ చేశాడు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం స్తంభం మీద తీగ కాలింది. కాసేపు కరెంటుండదని వీధంతా చాటి, శిఖామణి మమ్మల్ని పీకాడు. పీకిన క్షణంలోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను లేకపోయినా తీగ గుయ్‌మంటూనే ఉంది! అరుద్దామంటే నోరు లేదు. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే సంచిలో నేను తమ్ముళ్లకు తగిలి టకటకలాడాను. ఆయన పింగాణీ చప్పుడనుకున్నాడు. అవి నా పళ్లు.

సంచి భుజానుందన్న ధీమాతో, గ్లౌజులు నడుముకే ఉంచి, వట్టి చెయ్యి చాచాడు.

"ఏందయ్యా శిఖామణీ!" ఎదుటి మేడ మీంచి రిటైర్డు టీచరు రాజ్యలక్ష్మి కేకేసింది. "కరెంటు తీశానంటివి, నా మిక్సీలో గోంగూర తిరగతానే ఉంది! నువ్వు పీకింది ఫ్యూజులా, బెండకాయలా?"

చెయ్యి గాల్లోనే ఆగింది. "సంచిలోనే ఉన్నయ్యి మేడమ్..."

"మరి నా మిక్సీ దేంతో తిరగతంది?"

చెయ్యి వెనక్కి లాక్కున్న విసురుకి సంచి జారి కింద పడింది. నేను రెండు ముక్కలయ్యాను. ఆయన మాత్రం ముక్కచెక్కలు కాలేదు.

దిగి, గట్టు మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఎస్తేరు ఫోన్. "సంచి నీకాడే ఉందా?" ఆయన సంచి ఒళ్లోకి లాక్కుని, అందులోంచి నా ముక్కలు తీశాడు.

జనం చేరాక నా ముక్కలు పైకెత్తి చూపించాడు. "ఇయ్యి నాకాడుంటే లైను చచ్చిందనుకున్నానమ్మా. మీ మేడలన్నీ కలిసి దాన్ని బతికిస్తన్నయ్యి. నేను చావబొయ్యా."

రాజ్యలక్ష్మి వెళ్లి ముందు తన సోలార్ ఆపింది, తర్వాత మిగతావాళ్లు. శిఖామణి టెస్టరు పెట్టి చూసి, ఒకవేళ కరెంటొచ్చినా మట్టిలోకే పోయేలా తీగలన్నిటినీ గొలుసుతో భూమికి కట్టి, అప్పుడు ముట్టుకున్నాడు. మెకానిక్‌ను మళ్లీ పిలిపించారు, పెట్టెలకు పాత మర్యాద నేర్పడానికి.

నేనిప్పుడు ఆఫీసు వెనక తుక్కులో ఉన్నాను. నిన్న నా పక్కన పగిలిన సోలార్ పలక ఒకటి పడేశారు. పనికిరాదట. పొద్దున్నుంచీ దాని మీద ఎండ పడుతోంది. కాస్త ఎవరైనా నన్ను దానికి దూరంగా జరుపుదురూ!