రివర్స్‌లో తొమ్మిది రోజులు

నా కారు తొమ్మిది రోజులు వెనక్కే నడిచింది. ఇందులో నవ్వాల్సింది ఏమీ లేదని ముందే చెప్తున్నాను.

యాభై రెండేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. క్లచ్చు తొక్కితే మోకాలు పట్టేస్తుందని ఆటోమేటిక్ కారు తీసుకున్నాను. లింగాల ఘనపూర్ నుంచి జనగామకు ఎవరినీ బతిమాలకుండా పోవడం ఆ కారు వచ్చాకే మొదలైంది. మా ఆయన మహిపాల్‌కు మాత్రం ఎడమకాలికి పనిలేని బండంటే చిన్నచూపు. గేర్‌బాక్సు పాడవగానే అమ్మేద్దామన్నాడు. నేను వినలేదు.

మహబూబాబాద్ మెకానిక్ హీరాలాల్, భూపాలపల్లి దగ్గర ప్రమాదంలో నుజ్జయిన కారు నుంచి గేర్‌బాక్సు తెచ్చి మా వాకిట్లోనే బిగించాడు. ఆ సాయంత్రం బండి బాగానే నడిచింది. తెల్లారేసరికి రివర్స్ తప్ప ఏదీ పడటం లేదు. డ్రైవ్‌లో పెడితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు.

"వచ్చే ఆదివారం కొనేటాయన వస్తుండు. అప్పటిదాక ముందుకు పోకుంటే అమ్ముడే," అన్నాడు మహిపాల్.

హీరాలాల్ మళ్లీ వచ్చాడు. ఆయిల్ చూశాడు, ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. కంప్యూటర్ తగిలించాడు, ఏ తప్పూ లేదంది. గేరు కర్ర డ్రైవ్‌లో ఉన్నా మీటర్ న్యూట్రల్ అని చూపిస్తోంది. గేరు చూపించే సెన్సార్ పాడైందని, బానెట్ ఎత్తి పైనుంచే మార్చాడు. కొత్తదీ అదే చెప్పింది.

"రెండు సెన్సార్లు కూడబలుక్కొని అబద్ధం చెప్తున్నయక్క," అన్నాడు.

పక్కింటి పరశురాములు వచ్చి చూసి, "ముందుకు పోయే గద గుద్దుకున్నది. దానికి భయం పట్టుకున్నది," అన్నాడు. అందరూ నవ్వారు. మహిపాల్ ఒక్కడే నవ్వలేదు.

నేను ఆగే మనిషిని కాదు. రివర్స్‌లోనే ఊళ్లో తిరిగాను. పంచాయతీ ఆఫీసు ముందు కూర్చునేవాళ్లకు ఏ వైపు తిరిగి నమస్తే పెట్టాలో తెలియలేదు. రేషన్ దుకాణానికి పోతున్న సాయమ్మ చెయ్యెత్తితే ఎక్కించుకున్నాను.

"గిదే మంచిగున్నది బిడ్డా. దుకాణం కాడికి పోతున్నా, ఇల్లు కండ్ల ముందటనే ఉన్నది," అంది.

నాకు మెడ పట్టేసింది. జనగామ పదారు కిలోమీటర్లు, అంతదూరం వెనక్కి పోలేను. ఈ కారు పోతే మళ్లీ ఒకరి తీరిక కోసం గేటు దగ్గర నిలబడాలి. ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చేది.

ఆదివారం పొద్దున్నే హీరాలాల్ కారును జాకీల మీద లేపి కిందికి దూరాడు. కింది నుంచే కేకేశాడు.

"అక్క, గిది ఎవరు కట్టిన్రు?"

గేర్‌బాక్సు మీద పొడుచుకొచ్చిన ఇనుప చెయ్యి ఉంది. పైన కర్ర జరిపితే కింద కదలాల్సింది అదే. దాన్ని పక్కనున్న కమ్మీకి కలిపి నల్లదారంతో గట్టిగా బిగించి, మధ్యలో నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టారు. చెయ్యి రివర్స్ దాకా పోతోంది, న్యూట్రల్ దాటి డ్రైవ్‌కు రావడం లేదు. ఆ ముడి నాకు తెలుసు. పత్తి బోరాల మూతికి మహిపాల్ వేసే ముడి.

"చచ్చినోని బండి సామాను అది," అన్నాడు మహిపాల్ నేల చూస్తూ. "నువ్వు ఒక్కదానివే పోతవు."

"మరి అమ్ముడేందుకు?"

"కట్టినంక గుడ భయం పోలే."

నాకు ఒళ్లు మండింది. తొమ్మిది రోజులు నా మెడ విరిగింది, ఈయనకు నోరు పెగల్లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో భయమైందని ఈయన చెప్పడం మొదటిసారి. అందుకూ కోపమే వచ్చింది, కానీ కళ్లు తడిశాయి.

"నువ్వే కొయ్యి," అని కత్తెర చేతికిచ్చాను.

కోశాడు. కొనేటాయనకు తనే ఫోన్ చేసి రావద్దన్నాడు.

"నేను గుడ వస్తా," అన్నాడు.

"వద్దు. ఒక్కదాన్నే పోయొస్తా."

గేటు పట్టుకొని నిలబడ్డాడు. ఆయనకు కనిపించినంత దూరం ఇరవై దాటకుండా నడిపాను. మలుపు తిరిగాక ఎనభై.