విడుపు నాణెం

వాన చెప్పి రాదు కదా. ఎస్నాతి గోనెపట్టా మీద మెత్తళ్ళు పోగులు పోసి, ప్లాస్టిక్ కాగితం కోసం పక్క అంగడామెను అడిగేలోపలే కొండల మీదినుంచి దిగి బజారంతా ముంచేసింది. ఎండుచేపకు నీళ్ళు తగిలాయంటే ఇక అంతే. మాపటికి వాసన, మర్నాటికి పురుగు. సగం బస్తా పోయింది. బస్తా నలభై డాలర్లు పెట్టి తెచ్చుకున్నది. కప్పు డాలరు చొప్పున అమ్ముకుంటే పెట్టుబడి పోను కూతురు రోపా బడి ఫీజుకు ఏదో కాస్త మిగులుతుందని అనుకుంది. ఆ మిగులు కాస్తా మురిక్కాలవలో తేలిపోతుంటే చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు. ఏడవడానికీ తీరికుండాలి కదా.

వ్యానుకు డాలరు పెట్టడం ఇష్టంలేక, మిగిలిన తడి చేపలు నెత్తిన పెట్టుకుని నడిచే వచ్చింది. ముతారె ఊరి చివర, కొండ కింద, హౌసింగ్ సొసైటీ వాళ్ళు స్థలాలు కోసి ఇచ్చిన పేట మాది. ఈమధ్యే కరెంటు స్తంభాలు పాతారు, తీగలింకా లాగలేదు. మలుపు తిరిగేసరికి తన గుమ్మం ముందు కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట ఒకటి పడి ఉంది. దాని పక్కన గెట్రూడ్ అత్త కూర్చుని ఉంది.

గెట్రూడ్ లామెక్‌కు మేనత్త. లామెక్ ఎస్నాతి మొగుడు. కలప లారీ తోలుకుంటూ చిమానిమాని వైపు వెళ్ళి, రెండేళ్ళ కిందట అక్కడే ఇంకో ఆమెతో ఉండిపోయాడు. ఆ తరవాత ఈ అత్త ఈ గడప తొక్కిన పాపాన పోలేదు. దారిలో ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకునేది. అలాంటి మనిషి కోడిపెట్టతో వచ్చి కూర్చుంది!

అయినా ఎస్నాతి బుట్ట దించి, మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి గుల్ల చేసి చప్పట్లు కొట్టి పలకరించింది. ఎవరి మనసులో ఏమున్నా పద్ధతి పద్ధతే.

"అయ్యో రోపా అమ్మా, ఎంత చిక్కిపోయావే! ఈ ఎముకల మీద చేపలబుట్ట మోస్తున్నావా?"

"చేపలేగా అత్తా. ఏనుగుని కాదుగా."

"నీ నోరు మాత్రం చిక్కలేదులే" అని అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కాస్త ఎక్కువసేపే నవ్వింది.

"కోడెందుకత్తా?"

"ఎందుకేంటే? కోడలి ఇంటికి ఒట్టి చేతులతో వస్తారా ఎవరైనా?"

రెండేళ్ళబట్టి ఆ చేతులు ఎక్కడ దాచుకున్నారో అని అడగబోయి మింగేసింది ఎస్నాతి.

"నీ కోరిక తీరబోతోంది తల్లీ" అంది అత్త గొంతు తగ్గించి. "ఆదివారం లామెక్ వస్తున్నాడు. గుపురో ఇచ్చేస్తాడు."

గుపురో అంటే విడుపు నాణెం. మొగుడు దాన్ని పెళ్ళాం ముందు పెట్టాలి, ఆమె రెండు చేతులా అందుకుని పుట్టింటికి పట్టుకెళ్ళి తండ్రికి చూపించాలి. అప్పుడే తెగినట్టు. అది చేతిలో పడందే ఎన్నేళ్ళు వేరుగా పడుకున్నా ఆమె అతని పెళ్ళామే. చావు ఖర్చుల సంఘంలో చేరబోతే "మొగుడున్నదానివి, ఆయన్ని తీసుకురా" అన్నారు. అప్పిచ్చే ఆవిడా ఆ మాటే అంది. అందుకని ఎస్నాతి ఎవరెవరినో పంపింది. చివరికి సిగ్గు విడిచి తనే లారీల అడ్డాకు వెళ్ళి అడిగింది. "ఈ దేశంలో నాణేలెక్కడున్నాయే? అంగట్లో చిల్లరకి చాక్లెట్లిస్తున్నారు. చాక్లెట్ ఇస్తాను, చప్పరించుకుంటూ మీ నాన్న దగ్గరికి పో" అన్నాడు లామెక్. తోటి డ్రైవర్లంతా విరగబడి నవ్వారు.

"ఇప్పుడు నాణెం దొరికిందా అత్తా?"

"జొహన్నెస్‌బర్గ్ నుంచి వచ్చినవాడెవడో ఐదు రాండ్ల బిళ్ళ ఇచ్చాడట. చూడు, నీ అదృష్టం! లారీ కూడా తెస్తాడు. గిన్నెలు, చాపలు, దుప్పట్లు, ఆ మంచం, అన్నీ నీవే. చెంచా కూడా ఎవరూ ముట్టుకోరు. పైసా కిరాయి లేకుండా మీ నాన్న ఊళ్ళో దింపేస్తాడు."

"నేను లారీ అడగలేదే."

"అడక్కుండా ఇస్తే అనుమానమా? మంచితనాన్ని కూడా కొరికి చూస్తావేమే!"

అత్త వెళ్ళిపోయాక ఎస్నాతి కోడి కాళ్ళు విప్పలేదు. దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆడదాని చేతుల సొత్తు ఆడదానిదే అంటారు మా వాళ్ళు. గిన్నె ఆమెది, చాప ఆమెది, కోళ్ళు ఆమెవి. గోడ మాత్రం ఆమె చేతులతో లేచినా చేతుల సొత్తు కాదు, మొగుడిది. సొసైటీలో స్థలం రాయించినప్పుడు ఇంటి పెద్ద అని లామెక్ పేరే రాశారు. అతను వెళ్ళేనాటికి ఇక్కడున్నది పునాది, దాని మీద మొలిచిన గడ్డి. నెలకు పాతిక డాలర్లు సొసైటీకి కట్టింది ఎస్నాతి. సిమెంటు బస్తా పన్నెండు డాలర్లు. కూర మానేసిన నెల ఒక బస్తా, ఫీజు బాకీ పెట్టిన నెల ఒక బస్తా, అలా రెండు గదులు లేపింది. ఒకదాన్లో తనూ పిల్లా. రెండోది బడిపిల్లల బట్టలు కుట్టే ప్యూరిటీకి ముప్పైకి ఇచ్చింది. ఆ ముప్పైలోంచే సొసైటీ పాతిక. ఎస్నాతి డబ్బు కడితే లామెక్ పేరున రసీదు వచ్చేది. పేరు మార్చమంటే, ఇంటాయన వచ్చి చెప్పాలమ్మా అనేవాడు గుమాస్తా.

ఇంటాయన ఇప్పుడు వస్తున్నాడు. లారీతో వస్తున్నాడు.

మర్నాడు పొద్దున ఎస్నాతి ప్యూరిటీ గది ముందు ఆగింది. మిషను టకటకలాడుతోంది.

"ప్యూరిటీ, నేను బజారుకెళ్ళినప్పుడు ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

మిషను ఆగింది. "ఎవరొస్తారక్కా?"

"నిన్నే అడుగుతున్నా."

"మొన్న ఒకావిడొచ్చింది. సొసైటీ మనిషేమో అనుకున్నా. పుచ్చకాయ కొనేదానిలాగా గోడ మీద వేళ్ళతో టకటకా కొట్టి చూసింది. బావి నీళ్ళు తియ్యగా ఉంటాయా అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఉంటాయన్నా. ఉంటాయిగా మరి! చేదంటే నన్ను తిట్టవూ?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయా" అని ప్యూరిటీ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు. ఎస్నాతి ఆ ఖాళీ సూదిని చూసింది, ప్యూరిటీ వంచుకున్న మెడను చూసింది. దీని చేతిలో కూడా ఏదో పెట్టారు అనుకుంది. పక్క గదిలో మనిషినే నమ్మలేకపోయాక ఇల్లు మరీ చిన్నదైపోతుంది. ఆ పూట ఎస్నాతి తన గదికి తాళం వేసి, తాళంచెవి జాకెట్టులో పెట్టుకుని బజారుకు వెళ్ళింది. అంతకుముందెప్పుడూ వేసి ఎరగదు.

ఆదివారం వాళ్ళు ముగ్గురొచ్చారు. లారీ వీధి మొగలోనే ఆగింది. ఇస్త్రీ చొక్కాలో లామెక్, కొత్త తలగుడ్డలో గెట్రూడ్ అత్త, వాళ్ళ వెనక యాభై దాటిన ఒక ఆడమనిషి.

"మా పెదనాన్న కూతురు కాన్సీలియా" అన్నాడు లామెక్. "బులవాయోలో ఉంటుంది. సాక్షిగా ఉంటుందని తీసుకొచ్చా."

ఎస్నాతి చాప పరిచి చప్పట్లు కొట్టింది. అత్త కొట్టింది. బులవాయో ఆవిడ ఒకటి రెండు తట్లు తట్టి వదిలేసింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముందు మనిషి మొహం చూస్తారు, ఆ పైన పిల్ల మొహం చూస్తారు. ఈవిడ పైకప్పు చూసింది. మూలన నీటిచార చూసింది.

"ఇది కారుతుందా?" అంది.

"కప్పు సంగతి ఇప్పుడెందుకమ్మా?" అని అత్త గబగబా అడ్డం పడింది.

"చుట్టం తడుస్తుందని అడిగిందేమో అత్తా" అంది ఎస్నాతి. "కారదండీ. రేకు మేకులు నేనే కొట్టా."

లామెక్ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి ఐదు రాండ్ల బిళ్ళ తీసి చాప మధ్యలో పెట్టాడు. రోపా దాని వంక చూసి తల్లి వీపు వెనక్కి జరిగింది.

"నన్ను చెడ్డవాడివన్నావు, మాట తప్పేవాడివన్నావు. ఇదిగో. నీ దారి నీది, నా దారి నాది. తీసుకో."

రెండేళ్ళు కలలో కూడా అడిగిన బిళ్ళ. మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే ఆ మనిషి పేరు తన మెడ మీదినుంచి దిగిపోతుంది. ఎస్నాతి చేతులు నిజంగానే కదిలాయి. ఏ మాటకామాట చెప్పుకోవాలి. కదిలి ఒళ్ళోనే ఆగాయి.

"తీసుకుంటే ఈ రాత్రి నేనూ రోపా ఎక్కడ పడుకోవాలి?"

"మీ నాన్న ఊళ్ళో. లారీ తెచ్చానుగా."

"దాని బడి ఇక్కడుంది. నా బేరం ఇక్కడుంది."

"చేపలు అక్కడ తినరా ఏమిటి?" అంది అత్త. "అడిగావు, తెచ్చాం. మళ్ళీ ఈ వంకలేమిటే? అడుక్కునేవాడు అన్నం పెడితే కూరేదన్నాడట!"

అప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడైంది. ప్యూరిటీ టేపు మెళ్ళో వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బులవాయో ఆవిడ వంక తేరిపార చూసింది.

"అక్కా! ఈవిడే! పుచ్చకాయ ఆవిడ!"

ప్యూరిటీ ఎస్నాతి వైపు తిరిగింది. "వచ్చే నెల నుంచి అద్దె తనకే కట్టమంది అక్కా. నోరు మూసుకుంటే ఐదు డాలర్లు తగ్గిస్తానంది. నా బతుక్కి ఐదు డాలర్లంటే... అందుకే చెప్పలేదు. చెప్పకుండా ఉండలేక వచ్చా."

"ఇంటి విషయాల్లో కుట్టుపనిదానికేం పని?" అని లామెక్ లేవబోయాడు.

"కూర్చో నాయనా" అంది కాన్సీలియా. ఆ గొంతులో చుట్టరికం పోయింది. "నేనెవరికీ పెదనాన్న కూతుర్ని కాను. దొంగనీ కాను. నలభై యేళ్ళు పరాయి ఇళ్ళల్లో అంట్లు తోమి దాచుకున్న డబ్బు పెడుతున్నా. పెళ్ళాం ఎప్పుడో వెళ్ళిపోయింది, సామాను మాత్రమే ఉందన్నాడు. లోపల ఆడదాన్ని పెట్టుకుని ఇల్లు కొంటే రేపు కోర్టుల చుట్టూ నేనే తిరగాలి. అందుకే, నాణెం ఆమె చేతిలో పడటం నా కళ్ళతో చూస్తే గాని మిగతా సొమ్ము ఇవ్వనన్నా."

"మిగతా అంటే, కొంత ఇచ్చేశారా?" అంది ఎస్నాతి.

"ఎనిమిది వందలు."

లామెక్ చూపు గుమ్మంలోంచి లారీ మీదికి పోయింది. దాని చక్రాలన్నిటికీ కొత్త టైర్లు.

"ఎస్నాతీ, వినవే" అన్నాడు నెమ్మదిగా. ఎన్నాళ్ళకో పేరు పెట్టి పిలిచాడు. "నీకూ కొంత ఇస్తాలే. వంద అనుకో. ముందు ఆ బిళ్ళ తీసుకో, ఆవిడ వెళ్ళాలి."

"కరెంటు తీగలు లాగేలోగా కొనేస్తే చవకని చెప్పాడు" అని గొణిగింది కాన్సీలియా.

ఎస్నాతి రెండు చేతులూ ఎత్తి చంకల్లో పెట్టుకుంది. చలికి ముడుచుకున్నట్టు గట్టిగా పెట్టుకుంది.

"తీసుకోను" అంది.

"ఏంటీ?"

"నువ్వు నాకు వద్దు. ఎప్పుడో వద్దు. కానీ ఇది తీసుకోను. ముందు సొసైటీకి రా. ఈ రెండు గదులూ ఎవరి డబ్బుతో లేచాయో అందరి ముందూ చెప్పు, నా పేరు రాయించు. ఆ వాకిట్లోనే నీ బిళ్ళ అందుకుంటా, నీకు చప్పట్లు కూడా కొడతా."

"పెద్దల పద్ధతి కాలదన్నుతున్నావే!" అని అత్త ఛాతీ మీద కొట్టుకుంది. "గుపురో కాదన్న ఆడది మా వంశంలో లేదు!"

"ఇంతకాలం ఎగ్గొట్టిన మగాడు ఉన్నాడుగా అత్తా. నేనూ ఉంటాను."

ఆమె లేచి వాకిట్లోకి వెళ్ళి ఇరుగుపొరుగును పేరుపేరునా పిలిచింది. "రండమ్మా, చూడండి. బిళ్ళ అక్కడుంది. నా చేతులు ఇక్కడున్నాయి. రేపు తీసుకున్నానని ఎవరన్నా అంటే మీరు చెప్పాలి." ఆదివారం కదా, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. నిమిషంలో వాకిలి నిండింది. నేనూ వెళ్ళాను.

ఇక లామెక్ చేసేదేముంది? మా పద్ధతిలో పెట్టినవాడే ఆ నాణెం తిరిగి తీసుకుంటే మాట వెనక్కి తీసుకున్నట్టే. ఆమె మళ్ళీ అతని పెళ్ళామే, పిల్ల ఫీజు భారమూ అతనిదే. దానికి చిమానిమాని ఆమె ఒప్పుకోదు. వదిలేసి పోదామంటే కాన్సీలియా గుమ్మానికి అడ్డంగా నిలబడి, తన ఎనిమిది వందల కోసం చెయ్యి చాపి ఉంది. అత్త అతన్ని చూస్తోంది, అతను అత్తను చూస్తున్నాడు.

"పొద్దుపోతోంది" అంది ఎస్నాతి. "తిని వెళ్ళండి."

ప్యూరిటీ పొయ్యి రాజేసింది. ఎస్నాతి మొక్కజొన్న సంకటి కెలికింది, అత్త తెచ్చిన కోడి జోలికి పోకుండా, వానకు తడిసి మళ్ళీ ఎండబెట్టిన మెత్తళ్ళలో పాడవనివి ఏరి టమాటాలతో ఉడికించింది. చాప మీద కూర్చున్నవాళ్ళకూ, గుమ్మంలో నిలబడ్డ ఆవిడకూ, వాకిట్లో మాకూ పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆ బిళ్ళ చుట్టూ తిరిగే వచ్చింది, దాని మీద నీడ కూడా పడనివ్వలేదు. లామెక్ తిమ్మిరెక్కిన కాలు చాపుకోబోయాడు. వేలు నాణేనికి తగలబోయేసరికి ఉలిక్కిపడి, కాలు మళ్ళీ ముడుచుకుని, సంకటి ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.