ఐదో శనివారం

ఆ లాండ్రీలో ఇరవై ఏళ్లుగా శనివారం వస్తే కూలి చేతిలో పడేది. ఇప్పుడది వారానికి మూడు వేలు. అందరూ పెట్టె బాబాయి అని పిలిచే ఇస్త్రీ పెద్దాయనకు ఆ పొద్దున గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. ఇకమీదట నెల జీతం, పన్నెండు వేలు. మధ్యాహ్నం సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి.

"నెల జీతగాడివైపోయావు బాబాయ్! ఇక మా మొహం చూస్తావా?" అంది ఉతికే అక్క. ఆమె అప్పటికే సంతకం పెట్టేసింది.

బాబాయి చెయ్యి మీసం మీదికి పోయింది. భోజనానికి ఇంటికెళ్లి కాగితం భార్య ముందు పెట్టాడు.

ఆమె కాగితం పక్కన పెట్టి గోడ మీది క్యాలెండరు తీసింది. కూలి తెచ్చిన ప్రతి శనివారానికీ నీలం పెన్సిలుతో సున్నా చుట్టడం ఆమెకు అలవాటు.

"నెలకి నాలుగు వారాలేనని ఎవరు చెప్పారయ్యా?"

"అందరికీ తెలిసిందేగా."

"పోయిన నెల చూడు. ఎన్ని సున్నాలు?"

"ఐదు. ఏదో ఒక నెల అలా పడుతుందిలే."

ఆమె పోయినేడాది క్యాలెండరు కూడా దించి, నెల తర్వాత నెల తిప్పింది. నాలుగు నెలల్లో ఐదేసి సున్నాలు.

"ఈ కాగితం లెక్కన ఏడాదికి నాలుగు వారాల కూలి ఎగిరిపోతుంది. నాలుగు మూళ్లు?"

"పన్నెండు..." బాబాయి చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. ఏడాదికి ఒక నెల ఊరికే ఇస్త్రీ!

సగం అన్నం వదిలేసి, ఆ పాత క్యాలెండరు చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. గుమాస్తా ఫైలు కట్టేస్తున్నాడు. అందరివీ అయ్యాయి, బాబాయిదొక్కటే మిగిలింది.

"ఏంటి బాబాయ్, క్యాలెండరు అమ్మడానికొచ్చావా?"

"సున్నాలు లెక్కపెట్టు బాబూ."

గుమాస్తా నవ్వుతూ లెక్కపెట్టాడు. "నెలంటే నెలే. రెండేళ్ల కిందట నేనూ ఇలాగే వారం కూలి నుంచి..."

వేలు మధ్యలో ఆగింది. మళ్లీ మొదటి నెలకు వెళ్లాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"రెండు నెలలు," అన్నాడు, తనలో తనే. "రెండు నెలల జీతం!"

పాపం, ఈ కాగితాలు రాసింది అతనే.

గుమాస్తా ఫైలు తాడు విప్పి సంతకాలైన కాగితాలన్నీ బల్ల మీద పోశాడు.

"ఓనరు వచ్చేది సాయంత్రం. ఉతికే అక్కని పిలువు బాబాయ్, అందర్నీ పిలువు. ఎవరి కాగితం వాళ్లు తీసుకోవాలి." క్యాలెండరు మీద అరచెయ్యి గట్టిగా ఆన్చాడు. "ఇది మాత్రం ఇక్కడే ఉండనీ."