గవ్వలదిబ్బలో కాకుల కాపలా

"హుష్! నీ జిమ్మడిపోను! నానిక్కడ కూకోనుంటే నీకు కనపడ్డం నేదేటి?"

గెడ ఒకసారి గాలిలో తిరిగింది. దాని కొసన కట్టిన నల్లగుడ్డ టపటపా కొట్టుకుంది. ఆరబెట్టిన నెత్తళ్ళ మీదికి ఏటవాలుగా దిగబోయిన కాకి మనసు మార్చుకుని సరుగుడు చెట్టెక్కి కూర్చుంది. నూకాలు దానివైపు గుర్రుగా చూసి, గెడను ఇసుకలో గుచ్చి, మళ్ళీ వంగి చేపలు తిరగేయడంలో పడింది.

విశాఖపట్నం పాతబస్తీ రేవులో పడవెక్కి, హార్బరు క్రేన్లు వెనక్కి పోతుంటే యారాడ కొండ వైపు వెళితే, ఉప్పుటేరు మధ్యలో ఒక దిబ్బ వస్తుంది. అదే గవ్వలదిబ్బ. పట్నంలో సగం మందికి అలాంటి ఊరొకటుందనే తెలియదు. తెలిసిన సగం మందికీ దాని వాసనే తెలుసు. తాటాకు ఇళ్ళు నాలుగు వరసలు, గంగాలమ్మ గుడి ఒకటి, తూర్పున చాపలా పరుచుకున్న ఇసుక. మగవాళ్ళు సముద్రం మీదికి పోయి తెచ్చిన చేపలన్నీ ఆ ఇసుక మీదే ఎండాలి. మిగతా మూడు వైపులా బురదే.

ఆ ఇసుకకి కాపలా నూకాలు. ఊరి చేపలన్నిటికీ కాపలా ఆమే. సాయంత్రానికి ఇంటికో గుప్పెడు చేపలు ఆమె బుట్టలో వేస్తారు. చిన్న మనిషి, ఎండకి కమిలి నల్లబడ్డ మనిషి. రోజంతా ఆకాశంలోకి చూసి చూసి ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. ఉప్పుకి అరికాళ్ళు బీటలు వారాయి. గొంతు మాత్రం, అబ్బో, ఆ గొంతు రేవుదాకా వినబడుతుంది. ఎన్నేళ్ళుగా ఈ పనిలో ఉందంటే, కాకులకే తరాలు మారిపోయాయి.

ఆ నల్లగుడ్డకీ ఒక కథ ఉంది. నూకాలు మొగుడు పడవ మీద కాకినాడ వెళ్ళి, అక్కడ ఇంకొకామెతో సంసారం పెట్టి, మరి తిరిగి రాలేదు. పోతూ పోతూ ఇంట్లో మరిచిపోయింది ఒక్క గొడుగు. కొన్నాళ్ళు దాన్ని దండెం మీద పెట్టుకుని ఏడ్చింది. ఒకనాడు ఆ ఏడుపు మీదే విసుగు పుట్టి, గొడుగు గుడ్డ చించి గెడకి కట్టింది. చచ్చిన కాకిని వేలాడదీశారనుకుని కాకులు దూరంగా జరిగాయి. "ఇన్నాల్లకి పనికొచ్చినాడు" అని ఊరంతటికీ చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వుతో మొగుడి సంగతి ముగిసిపోయింది.

ఆ పొద్దున దొరబాబు పరుగున వచ్చాడు. ఊరిపెద్ద, పైగా నూకాలుకి సొంత మరిది.

"వదినా, ఇయ్యాల ఆరబెట్టడం ఆపు. పెద్దోల్లు వత్తన్నారు. ఆఫీసరుగోరు, ఆయనతోటి డబ్బులున్న కంట్రాకటరు. మన దిబ్బ గురించి పుస్తకం ఏత్తారంట. అది సూసి సుట్టం సూపుగా వచ్చేవోల్లు వత్తారంట, డబ్బు పెట్టేవోల్లు పెడతారంట."

"మన సప్టా సంగతో?"

"అదే అడుగుతాను. నువ్వు ముందీ సేపలు తీసేయ్. ముక్కు మూసుకుని ఎనక్కెల్లిపోతే అడగడానికేటుంటాది?"

చప్టా మాట వినగానే నూకాలు నడుం దానంతటదే లేచింది. సిమెంటు చప్టా ఆమె ఎన్నాళ్ళనుంచో కంటున్న కల. ఇసుక మీద ఎండిన చేపకి ఇసుకంటుకుంటుంది. పాతబస్తీ నుంచి కొనడానికి వచ్చే కరీం బాషా ప్రతిసారీ ఒక చేపని గోటితో గీకి చూపిస్తాడు, నూకాలు తిడుతుంది, ఆయన నవ్వుతాడు. చప్టా ఉంటే చేప అద్దంలా ఎండుతుంది. ఒంగి ఒంగి ఇసుక దులిపే బాధ ఆడవాళ్ళకి తప్పుతుంది.

దాచమని దొరబాబు చెప్పకపోయినా ఆమె దాచేదే. ఆ వాసన ఆమెని జీవితమంతా సిగ్గుపెట్టింది. మద్దిలపాలెంలో బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. కంచరపాలెంలో కూతురు పైడితల్లి ఇంటికి వెళ్ళినప్పుడు మనవడు ముక్కు పట్టుకుని "అమ్మమ్మా, కంపు" అన్నాడు. పైడితల్లి వాడి వీపు మీద ఒకటేసింది. నూకాలు నవ్వేసింది గానీ, ఆ తరవాత ఎప్పుడు వెళ్ళినా గంధం సబ్బుతో రెండుసార్లు ఒళ్ళు రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని, అయినా అరుగు మీదే కూర్చుని వచ్చేసేది. లోపలికి రమ్మని కూతురు చేయి పట్టుకు లాగినా వెళ్ళేది కాదు.

అందుకే ఆ పొద్దున ఆమె బుట్ట మీద బుట్ట ఎత్తింది. చేపలన్నీ దిబ్బకి పడమటి వైపు, మడచెట్ల చాటుకి మోసి, తాటాకు చాపలు కప్పింది. ఇసుకని చీపురుతో ఊడ్చింది. పసుపునీళ్ళు చల్లింది. గుడిలోంచి సాంబ్రాణి పట్టుకొచ్చి పొగ వేసింది. రొమ్ములో ఏదో పట్టేసినట్టయితే గెడ ఊతంగా నిలబడి, ఊపిరి అందాక మళ్ళీ ఊడ్చింది. ఎంత ముచ్చటపడి చేసిందో ఆ పని! గవ్వలదిబ్బ పుట్టాక ఆ ఇసుక అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

నీరు నిండే వేళకి పడవ వచ్చింది. ముందు ఆఫీసరు దిగాడు. వెనక భీమశంకరరావు, గోదావరి జిల్లా మనిషి, ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో నాలుగు డబ్బులు వెనకేసినవాడు. చెడ్డవాడేం కాదు. దిగుతూనే కొబ్బరినీళ్ళు తెచ్చిన ఎల్లాజీ భుజం తట్టి పేరడిగాడు. ఎల్లాజీ దొరబాబు కొడుకు, మీసాలొచ్చి నాలుగేళ్ళయినా పని దొరకనివాడు.

"ఎంత బాగుందండీ ఈ ఇసుక! కాళ్ళకి చెప్పులెందుకండీ ఇక్కడ?" అని చెప్పులు చేత పట్టుకుని మరీ నడిచాడు భీమశంకరరావు.

"ఈ ఊళ్ళో జనం ఏం పని చేస్తారు?" ఆఫీసరు అడిగాడు.

"సేపలేనండి బాబూ."

"ఎక్కడా ఒక్క చేప కనబడలేదే?"

దొరబాబు నూకాలు వైపు చూశాడు. నూకాలు సరుగుడు చెట్టు వైపు చూసింది. కాకులు కూడా అయోమయంగా కూర్చున్నాయి పాపం.

"తక్కువండి బాబూ. అసలు వాసనేటీ రాదండి" అన్నాడు దొరబాబు, అదేదో గొప్ప సంగతైనట్టు. ఆ ఊపులోనే చేపలారబెట్టుకోవడానికి చప్టా కావాలనీ అడిగేశాడు.

"మరి చప్టా ఎవరికోసమయ్యా?" ఆఫీసరు నవ్వాడు.

భీమశంకరరావు అప్పటికే ఇసుక ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి వచ్చాడు. "ఇక్కడ గెస్ట్‌హౌస్ కడదామండి. కూర్మన్నపాలెంలో కాపురాలు పెడుతున్నవాళ్ళంతా ఆదివారాలు పిల్లల్ని తీసుకుని ఎక్కడికి వెళతారు చెప్పండి? పడవేసుకుని ఇక్కడికి వస్తారండి. ఈ కుర్రాడికి వాచ్‌మన్ ఉద్యోగం నేనిస్తానండి."

ఎల్లాజీ ముఖం వెలిగిపోయింది. కొడుకు ముఖం చూసి దొరబాబు ముఖమూ వెలిగింది.

"పుస్తకంలో మొదటి మాట ఇదే రాస్తాను" అన్నాడు ఆఫీసరు. "ఎవరూ వాడని అందమైన ఇసుక తిన్నె."

ఎవరూ వాడని.

ఆ ఇసుక మీద నూకాలు పాదం పడని చోటు లేదు. పైడితల్లిని పక్కన గోనె మీద పడుకోబెట్టుకుని కాకుల్ని తోలింది ఇక్కడే. పడచుదనం, ముసలితనం రెండూ ఇక్కడే వచ్చాయి. అదంతా పొద్దున తన చేత్తో తనే చీపురు పెట్టి ఊడ్చేసింది. పరువుకోసం చేసిన పని ఊరి నోట మట్టి కొట్టబోతోందని తెలిసేసరికి ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ తరవాత కోపం వచ్చింది, అదీ తన మీదే.

మాట్లాడకుండా పడమటి వైపు నడిచింది. కాసేపటికి నెత్తిన బుట్టతో వచ్చి, ఆఫీసరు నిలబడ్డ చోటికి జానెడు దూరంలో కుమ్మరించింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తెచ్చింది. నెత్తళ్ళు, కవళ్ళు, సగం ఎండి సగం పచ్చిగా ఉన్నవన్నీ. పొద్దుటినుంచి మూతపడి ఉన్న వాసన ఒక్కసారి గుప్పుమంది. కాకులు బిలబిలా దిగాయి. పెద్దమనుషుల జేబుల్లోంచి రుమాళ్ళు బయటికొచ్చాయి.

"వదినా! ఏటి సేత్తన్నావు?" దొరబాబు కేకేశాడు.

నూకాలు గెడ తిప్పి కాకుల్ని లేపి, కొంగు నడుముకి దోపి, ఆఫీసరుకి దండం పెట్టింది.

"కోపం సేయకండి బాబూ. ఈ ఇసక కాళీగా నేదు. మీరొత్తన్నారని పొద్దున్న నానే ఎత్తేసినాను, వాసనకి సిగ్గేసి. ఊరంతా దీని మీదే బతుకుతన్నాది. మాకు గెస్టౌసు వద్దు బాబూ. సప్టా ఏయించండి."

"ఆరబెట్టుకోవడం అటుపక్క చేసుకోవచ్చు కదమ్మా" అన్నాడు భీమశంకరరావు రుమాలు చాటునుంచి, మర్యాదగానే.

"అటు బురద బాబూ. బురద మీద సేప ఎండదు, కుల్లిపోద్ది."

ఆఫీసరు పడవ వైపు నడిచాడు. భీమశంకరరావు ఎక్కబోతూ, "మీలో మీరు తేల్చుకోండి దొరబాబుగారూ. మీరు సరేనంటే వచ్చే నెల కాగితాలు పట్టుకొస్తానండి" అన్నాడు. పడవ వెళ్ళిపోయింది.

దొరబాబు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఊరి పరువు గంగలో కలిపేసినావు! గుంటడికి ఉద్దోగం ఇత్తానన్నాడు, అదీ పోగొట్టినావు!"

"ఎల్లాజీ నా కల్ల ముందు పెరిగినోడు, ఆడు బాగుపడితే నాకు సెడ్డా మరిదీ? ఆడొక్కడికీ ఉద్దోగం. మరి మిగతావోల్లు ఏటి తింతారు? ఈ ఇసక ఎవలికీ ఇయ్యనని నాకు మాటియ్యి."

"సూద్దాం."

"సూద్దామంటే కాదు. మాటియ్యి."

దొరబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మాట ఇవ్వలేదు.

ఇక పని మిగిలింది. నూకాలు చేపలన్నీ వేళ్ళతో విడదీసి పరిచింది. పొద్దున ఒక మోత, ఇప్పుడొక మోత, నడుం విరిగిపోతోంది. రొమ్ములో మళ్ళీ పట్టేసింది. అన్నీ సర్దాక ఎప్పుడూ కూర్చునే చోట, తాటాకు గొడుగు కింద, గెడని పక్కన లోతుగా గుచ్చి కూర్చుంది. గాలి ఇసుక మీంచి చేపల వాసనని ఆమె ముఖానికి కొట్టింది. ఆ వాసన ఆమెకి ఆ రోజు కంపనిపించలేదు.

పొద్దు వాలుతుండగా కరీం బాషా పడవ దిగాడు. వస్తూనే ఒక నెత్తడిని తీసి గోటితో గీకాడు. తిట్టు రాలేదు. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు.

"రేవులో సెప్పినారు నూకాలప్పా, పెద్దోల్లని తరిమేసినావంట! మా ఇంటిది ఖైరున్నీసా వింటే నీకు బిర్యానీ అంపుతాది. ఆ ఇసక పోతే మాకు మాత్రం సేపలెక్కడియి? మంచి పని సేసినావు." బీడీ సగం కాలింది. "ఏటప్పా, ఉలకవు పలకవు? నా మీదేటి కోపం?"

అప్పుడు ముఖంలోకి చూశాడు. ఎడమకన్ను ఎప్పటిలాగే సగం మూసుకుని ఉంది. కుడికన్నూ ఆకాశంలోకే చూస్తోంది. బాషా బీడీ పారేసి, తలమీద టోపీ సర్దుకుని, దొరబాబుకి కబురు చెప్పడానికి లేచాడు. చేప ఒక్కటి పోలేదు. ఒక్క కాకి దిగలేదు.

పదో రోజున ఆ ఇసుక మీదే దొరబాబు పిండం పెట్టాడు. కంచరపాలెం నుంచి పైడితల్లి వచ్చింది. ఊరంతా దూరంగా జరిగి నిలబడింది. సరుగుడు చెట్టు నిండా కాకులే. ఒక్కటీ కిందికి రాలేదు.

"అమ్మా, మనవడు బాగా సదూకుంతాడు, బెంగెట్టుకోకు" అంది పైడితల్లి. కాకి రాలేదు. "ఏటాది దినాన నీకు గంధం సబ్బుతోటి కొత్త సీర పెడతాను" అంది. రాలేదు. ఇక పైడితల్లికి ఏడుపాగలేదు. "సబ్బొద్దమ్మా, నీ వాసన సాలు నాకు, ఒక్కపాలి ఇంట్లోకి రా" అంటూ ఇసుకలో కూలబడింది. కాకులు కొమ్మ మీద అటూ ఇటూ జరిగాయే గానీ దిగలేదు.

ఎండ నెత్తికెక్కింది. ఊరి కళ్ళన్నీ ఒక్కొక్కటే దొరబాబు మీదికి తిరిగాయి. ఆమె ఏమడిగిందో అందరికీ తెలుసు. దొరబాబు కొడుకు వైపు చూశాడు. ఎల్లాజీ తల దించుకుని, "సెప్పేయ్ నాయినా" అన్నాడు. దొరబాబు చేతులు జోడించి, "వదినా, ఈ ఇసక ఎవలికీ ఇయ్యను. గంగాలమ్మ తోడు. ఊరందరి ముందూ సెప్తన్నాను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, జనానికి వెనకాల నిలబడ్డ కరీం బాషా ఎల్లాజీ చెవిలో ఏదో అన్నాడు. ఎల్లాజీ ఇసుక చివరికి నడిచాడు. ఆ రోజు నూకాలు గుచ్చిన గెడ అక్కడే నిలబడి ఉంది, నల్లగుడ్డ గాలికి టపటపలాడుతూ. పది రోజులుగా ఎవరికీ దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. ఎల్లాజీ దాన్ని రెండు చేతులా ఊడబెరికి, నెమ్మదిగా ఇసుక మీద పడుకోబెట్టాడు.

కాకులన్నీ ఒక్కసారి దిగాయి.

మాటకి దిగాయో, గెడ వాలినందుకు దిగాయో దొరబాబు ఎవర్నీ అడగలేదు. తరవాతి నెల కాగితాలతో భీమశంకరరావు వస్తే, కొబ్బరినీళ్ళిచ్చి, దండం పెట్టి పంపించేశాడు.

ఆ పదో రోజు మధ్యాహ్నం మాత్రం, పిండం తిని కడుపు నిండిన ముసలి కాకి ఒకటి గెంతుకుంటూ వచ్చి, ఇటు చూసి, అటు చూసి, ఇసుక మీద పడున్న నూకాలు గెడ మీదెక్కి, ఆ నల్లగుడ్డ పక్కనే కూర్చుంది.