ఎవరి బరువుకి బిగించారు?

సాయం చేస్తామని ఎదురొచ్చేవాళ్ళని చూస్తే చిట్టికి ఒళ్ళు మండుతుంది. ఊరికే మండుతుందా మరి? పుట్టిన దగ్గర్నుంచీ ఆ పొట్టి పిల్లకి జరిగిన సాయాలు ఇన్నీ అన్నీ కావు. పై అరలో డబ్బా అందుకోబోతే వెనకనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి తీసిపెడుతుంది. బస్సెక్కబోతే ఎవరో ఒకరు రెక్క పట్టుకుంటారు. అందరూ మంచివాళ్ళే, అదే కదా ఖర్మ! చెడ్డవాడైతే నాలుగు దులిపి పోవచ్చు. మంచివాణ్ణి ఏం చేస్తాం?

చిట్టి ఆస్పత్రిలో నర్సు. మోటారు సైకిలు తోలడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ చుట్టుపక్కల రోడ్డు ఆగిపోయిన చోటునుంచి కొండమీది ఇళ్ళకి అంబులెన్సు పోదు. అలాంటి చోట్లకి పెద్ద మోటారు సైకిళ్ళమీద మందుల సంచీతో ముందుగా చేరుకునే దళం ఒకటుంది. ఇన్నాళ్ళూ అందులో అందరూ మగవాళ్ళే. బండి బ్రహ్మాండంగా తోలుతారు, కాదనేవాళ్ళెవరు? కానీ చేరాక ఏం చేస్తారు? కిందటి వానల్లో ఒకాయన కాలు విరిగిన ముసలమ్మ దగ్గరికి ఆఘమేఘాల మీద వెళ్ళి, ఫోనులో చిట్టిని అడుగుతూ కట్టు కట్టాడు. ఆస్పత్రిలో ఆ కట్టు విప్పింది చిట్టే. "ఇదేం కట్టు, బస్తా మూతి కట్టినట్టు!" అని ఆయన మొహమ్మీదే అనేసింది. ఇప్పుడు ఆ దళంలో ఒక్క చోటు ఖాళీ అయింది. ఆదివారం పరీక్ష. ఆ చోటు తనకే రావాలని చిట్టి పట్టుదల.

బండి తన సొంతమే. రాళ్ళూ గుంటలూ లెక్కచెయ్యని ఎత్తయిన బండి, దున్నపోతంత బరువు. పరీక్ష ముందు ఒకసారి ఆయిలు మార్చి చైను చూడమని అన్నయ్యకి అప్పజెప్పింది. అన్నయ్యకి మేడ కిందే మెకానిక్ షెడ్డు. ఆ పక్కగదిలో వదిన బట్టలు కుడుతుంది. చెల్లెలంటే అన్నయ్యకి పంచప్రాణాలు, అందులో ఆవగింజంత అబద్ధం లేదు. ఆ ప్రేమే కొంప ముంచింది.

షెడ్డునుంచి వచ్చిన బండిని తీసుకుని చిట్టి పాత రాతిగని వెనక ఏటవాలుకి వెళ్ళింది. ఎన్నోసార్లు ఎక్కిన దారే. ఆ రోజు రాయి రాయికీ బండి పొట్ట తగిలింది. వెనక చక్రం నేలమీద నిలవకుండా గెంతింది. సగం దూరం ఎక్కేసరికి ఇంజిను గుర్రుమని ఆగిపోయింది, బండీ చిట్టీ చెరోవైపు పడ్డారు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ పడింది. దళం నాయకుడు, అందరూ కెప్టెన్ అంటారు, అటుగా వెళ్తూ చూసి, "పాపం, ఆ పిల్లకి ఇంత బండి ఎక్కువేమో" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాట చెప్పుతో కొట్టినట్టు తగిలింది.

మోచేయి చెక్కుకుపోయి ఇంటికొస్తే అన్నయ్య ఏమన్నాడనుకున్నారు? "నేను ముందే చెప్పానా, నీకెందుకే ఇంత బండి అని?" నిజమేనేమో, చేతకాదేమో, ఇన్నాళ్ళూ అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చానేమో అని చిట్టికి మొదటిసారి అనుమానం పుట్టింది. ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

పొద్దున్నే పైపు పెట్టి బండి కడుగుతుంటే సైడ్ స్టాండు మీద కొత్త రంగు కనిపించింది. స్టాండుకి రంగెందుకు? గోరుతో గీకింది. రంగు కింద అతుకు. ఎవరో స్టాండుని కోసి, పొట్టిది చేసి, మళ్ళీ అతికించారు. స్టాండు పొట్టిదయిందంటే బండి కిందికి దిగిందన్నమాటే! చిట్టి నేలమీద చతికిలపడి అడుక్కి చూసింది. వెనక షాకబ్జారు దగ్గర ఉండాల్సిన లింకు పట్టీల చోట వెనకభాగాన్ని కిందికి దించే ఇంకాస్త పొడుగు పట్టీలు బిగించి ఉన్నాయి. ముందుభాగమూ దిగేలా ఫోర్కులు పైకి లాగేశారు. వెనక చక్రానికి చైను తిరిగే పళ్ళ చక్రం, ఆ స్ప్రాకెట్ కూడా కొత్తది, మునుపటికన్నా చిన్నది. ఓరి దేవుడో! పడింది తను కాదు, తనని పడేశారు.

"అన్నయ్యా!" అని అరిచిన అరుపుకి పక్కగదిలో కుట్టు మిషను ఆగిపోయింది. "స్టాండెందుకు కోశావు?"

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నీ కాళ్ళు నేలకి అందవుగా. నాలుగు వేళ్ళు దించాను. హాయిగా ఆనుతాయని."

"నేను బండి మీద నిలబడి కొండెక్కుతాను. కూర్చుని కాళ్ళు ఆన్చుకోడానికి అదేమన్నా అరుగా? మరి ఆ స్ప్రాకెట్?"

"పాతది పెద్దది. యాక్సిలేటర్ తిప్పగానే బండి ముందుకు దూకుతుంది. భయపడతావని చిన్నది వేశాను."

"భయపడ్డానని నీకు చెప్పానా? చిన్నది వేస్తే నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఇంజిను చస్తుందని నీకు తెలీదూ? పదిమందికి నేర్పేవాడివి!" చిట్టి వంగి షాకబ్జారుని వేలితో చూపించింది. "సరే, ఇది చెప్పు. షాకబ్జారు స్ప్రింగు ఎవర్ని కూర్చోబెట్టి బిగించావు?"

అన్నయ్య తల గోక్కున్నాడు. బండి ఎవరు తోలితే వాళ్ళు కూర్చోవాలి, కూర్చుంటే వెనకభాగం ఎంత కుంగిందో కొలవాలి, ఆ లెక్కకి స్ప్రింగు బిగించాలి. ఇది ఆ షెడ్డులో గోడకి కూడా తెలిసిన సంగతి. "నువ్వు డ్యూటీలో ఉన్నావు కదే. నేనే కూర్చుని..." అంటూ తన పొట్టవైపు చూసుకున్నాడు.

ఇద్దరు చిట్టిలు కలిసినా ఆ పొట్టకి సరితూగరు. ఆయన బరువుకి బిగించిన స్ప్రింగు ఈ పిల్ల కింద కుంగుతుందా? రాయి తగిలినప్పుడల్లా గుర్రంలా గెంతక ఏం చేస్తుంది?

వదిన మెళ్ళో టేపుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, పక్కింటావిడ కొలతలు తీసి నాకు బట్టలు కుడితే వేసుకుంటానా? మనిషి ఇంట్లో ఉండగా వేరేవాళ్ళ ఒళ్ళు కొలవడం ఏం పని?"

"దాని మంచికే చేశాను" అన్నాడాయన.

"అడిగి చెయ్యొచ్చుగా!" చిట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చేసినవాడివి చెప్పొచ్చుగా! రెండు రోజులు నాకే చేతకాదనుకున్నాను. నువ్వేమో నేను ముందే చెప్పానా అన్నావు. దెబ్బలకి ఏడవలేదన్నయ్యా, ఆ మాటకి ఏడ్చాను."

అన్నయ్య వెళ్ళి పానా పట్టుకొచ్చాడు.

పాత పట్టీలు, పాత స్ప్రాకెట్ మళ్ళీ ఎక్కాయి. ఫోర్కులు కిందికి దిగాయి. స్టాండుకి కోసిన ముక్క తిరిగి అతికింది. చిట్టి హెల్మెట్టు, బూట్లు, మందుల సంచీ సహా ఎక్కి నిలకడగా కూర్చుంది. వదిన వెనక ఇరుసునుంచి సీటు చివరిదాకా టేపు పట్టి అంకె చదివింది. చిట్టి చెప్పినట్టల్లా అన్నయ్య తిప్పాడు. "ఇంకాస్త వదులు." తిప్పాడు. "ఎక్కువైంది, వెనక్కి." తిప్పాడు. ఒక్కసారి మాత్రం ఆగలేక, "కాళ్ళు అందవే, పడతావే" అని గొణిగాడు. "పడితే నేనే లేస్తాను, నువ్వు తిప్పు" అంది చిట్టి.

ఆదివారం పరీక్షకి కొండమీద మనుషులు బాగానే చేరారు, అన్నయ్య కూడా. కెప్టెన్ షరతు చెప్పాడు: కొండ ఎక్కాలి, పైన తెల్లగీత దగ్గర ఆపాలి, బండి స్టాండు వేసి సంచీతో దిగాలి. మధ్యలో వేరేవాళ్ళ చెయ్యి బండిమీద పడితే పరీక్ష పోయినట్టే. పైన ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరొస్తారు గనక?

చిట్టి ఎక్కింది. ఏం ఎక్కిందండీ! బండి రాయిని తాకి, కుంగి, తేరుకుని ముందుకు పోయింది. ఇంజిను ఎక్కడా నీరసపడలేదు. కెప్టెన్ మొహంలో 'పాపం' ఎగిరిపోయింది. తెల్లగీత దగ్గర ఆపి కాలు దించింది. అక్కడ గుంట. కాలు అందలేదు. బండి పక్కకి ఒరిగి ఒరిగి దబ్బున పడిపోయింది.

ఎవరో కిసుక్కుమన్నారు. "అయ్యో, ఒక చెయ్యి వెయ్యండ్రా!" అన్నారెవరో. జాలిగుండెలవాళ్ళు ఇద్దరు పరుగెత్తారు. వాళ్ళకన్నా ముందు పరుగెత్తింది అన్నయ్య. అయిపోయింది, మళ్ళీ ముంచేశాడు అనుకుంది చిట్టి.

బండికి రెండడుగుల దూరంలో అన్నయ్య గిరుక్కున వెనక్కి తిరిగి, చేతులు బార్లా చాపి, వచ్చేవాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. "ముట్టుకోకండి! ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు!"

"అంత బరువు ఎలా లేపుతుందయ్యా ఆ పిల్ల?" అన్నాడొకడు.

"లేపుతుంది. నోరు మూసుకుని చూడు." ఆయన గొంతు ఏడుస్తున్నట్టే ఉంది. బండివైపు మాత్రం తిరగలేదు. తిరిగితే చేతులు ఆగవని ఆయనకి తెలుసు.

చిట్టి గేరు వేసింది, చక్రం దొర్లకుండా. హ్యాండిలు పూర్తిగా తిప్పింది. సీటుకి వీపు ఆనించి, గొంతుక్కూర్చున్నట్టు దిగి, నడుం మీద కాకుండా తొడలమీద బరువు తీసుకుని వెనక్కి అడుగు వేసింది. తనకి రెండింతలున్న రోగుల్ని రోజూ మంచాలమీంచి లేపే మనిషి. బండి కదిలింది. ఇంకో అడుగు. మొహం కందగడ్డయింది, పళ్ళు బిగుసుకున్నాయి. ఇంకో అడుగు. బండి నిటారుగా నిలబడింది. స్టాండు వేసి, సంచీ భుజాన తగిలించుకుని గీత దాటింది.

"చోటు ఆవిడదే" అన్నాడు కెప్టెన్. ఆ 'ఆవిడ' అన్న మాట అందరికీ వినిపించింది.

జనం చప్పట్లు కొడుతున్నారు. అన్నయ్య మాత్రం అలాగే చేతులు చాపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. చిట్టి వెనకనుంచి వెళ్ళి ఆయన మోచేతిమీద చెయ్యి వేసింది.

"అయిపోయింది. చేతులు దించు అన్నయ్యా."